ఎడారి దావకు కంప కొట్టిన రోజులు

లాస్ ఏంజెలెస్ నుంచి డెత్ వ్యాలీకో, మామత్ లేక్స్‌కో కారులో పోయే మనవాళ్లు మొహావీ ఊరు దాటాక కాసేపు కిటికీలోంచి చూసి, చూడ్డానికి ఏమీ లేదని ఫోన్లు బయటికి తీస్తారు. రెడ్ రాక్ కాన్యన్ దగ్గర ఎర్ర కొండలు కనబడితే బండి ఆపి నాలుగు ఫోటోలు దిగి మళ్లీ బయల్దేరతారు. ఆ హైవే 14కి రెండు పక్కలా కనిపించే మొహావీ ఎడారిలో నేను 2016 చివర మొదలుపెట్టి 2017 మే దాకా పనిచేశాను. మమ్మల్ని ఇంటర్న్‌లు అనేవాళ్లు. జీతం అనడానికి లేదు. తిండికీ చిల్లర ఖర్చులకీ సరిపడా స్టైపెండ్, ఉండడానికి రిడ్జ్‌క్రెస్ట్ అనే ఊళ్లో అందరికీ కలిపి ఒక ఇల్లు. అయినా ఇన్నేళ్లలో నేను చేసిన పనుల్లో ఏది ఇష్టం అని ఎవరైనా అడిగితే ఆ ఒక్క సీజనే గుర్తొస్తుంది.

మాది అనంతపురం జిల్లా కణేకల్లు దగ్గర. మా మేనమామ స్పాన్సర్ చేసిన గ్రీన్‌కార్డు ఏళ్ల తరబడి నాని నాని, నేను ఇంటర్ చదువుతుండగా వచ్చింది. అందరం కాలిఫోర్నియా వచ్చేశాం. ఇక్కడే కాలేజీలో పర్యావరణ శాస్త్రం చదివాను. డిగ్రీ చేతికొచ్చాక తోటివాళ్లు ఆఫీసుల్లో చేరుతుంటే, నేను ఎడారిలో పాడైపోయిన ప్రభుత్వ భూముల్ని బాగుచేసే పనికి అప్లై చేశాను. అమ్మ చాలా బాధపడింది. "అనంతపురం ఎండలు చాల్లేదా నాయనా? ఇంత దూరమొచ్చి ఎవరిదీ కాని పోరంబోకులో గుంతలు తవ్వుతావా?" అంది.

ఆ పోరంబోకు ఎంతుందో అమ్మకు అప్పుడు చెప్పినా వినే పరిస్థితిలో లేదు. బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్, వాడుకలో బీఎల్ఎం, దేశం మొత్తం మీద దాదాపు 24.5 కోట్ల ఎకరాలు చూసుకుంటుంది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా అందులో మూడో వంతుకు రావు. రైతులకూ రైలు కంపెనీలకూ పంచగా, ఎవరికీ అక్కర్లేక మిగిలిన నేల అది. 1976లో చట్టం చేసి, ఇక దీన్ని పంచేది లేదు, ప్రజలందరి ఆస్తిగానే ఉంచుకుంటాం అని తేల్చారు. చాలాచోట్ల ఎవరైనా వెళ్లి గుడారం వేసుకోవచ్చు, వేటాడొచ్చు, అనుమతి ఉన్న దారుల్లో బండి నడపొచ్చు. గేటు ఉండదు, టికెట్ ఉండదు. నాకు ఈ దేశంలో అన్నిటికంటే నచ్చిన సంగతి అదే.

గేటు లేకపోవడంతోనే చిక్కు కూడా. శని ఆదివారాలొస్తే లాస్ ఏంజెలెస్ వైపు నుంచి వేల మంది డర్ట్ బైకులు, జీపులు ట్రైలర్ల మీద వేసుకుని వస్తారు. వాళ్ల కోసం జాబోన్ కాన్యన్ లాంటి చోట్ల విడిగా స్థలం ఉంది. అక్కడ ఎటైనా తోలుకోవచ్చు. మిగతా చోట్ల మాత్రం గుర్తులు పెట్టిన దారి వదిలి పోకూడదు. ఒకడు సరదాపడి దారి వదిలి వాలు మీదికి బండి ఎక్కిస్తాడు. టైరు గుర్తు పడుతుంది. వెనకొచ్చినవాడు ఆ గుర్తు చూసి ఇది కూడా దారే కాబోలనుకుంటాడు. అట్లా నలుగురు పోతే చాలు, నిజంగానే దారి అయిపోతుంది. 1994లో వచ్చిన కాలిఫోర్నియా ఎడారి రక్షణ చట్టం కింద బీఎల్ఎం నేలలో 69 చోట్లను వైల్డర్‌నెస్‌గా ప్రకటించారు, అంటే మోటారు బండి అడుగు పెట్టకూడని చోట్లు. హైవేకి తూర్పున ఉన్న ఎల్ పాసో కొండలు వాటిలో ఒకటి. ఆ హద్దు దాటి లోపలికి పోయిన టైరు జాడల్ని చెరపడమే మా పని.

చెరపడం అంటే రేక్ పట్టుకుని నాలుగుసార్లు గీకితే పోతుందని నేనూ అనుకుని వెళ్లాను. మొదటి వారం మా క్రూ లీడర్, మిన్నెసోటా నుంచి వచ్చిన అమ్మాయి, ఒక జాడ మీద నా చేత గడ్డపార వేయించింది. గడ్డపార మొన ఠంగుమని వెనక్కి లేచింది. పక్కనే రెండడుగుల అవతల, బండి తిరగని నేలలో వేస్తే మెత్తగా దిగింది. టైరు తిరిగిన నేల అంతగా గట్టిపడుతుంది. వానచుక్క లోపలికి ఇంకదు, విత్తనం నిలవదు, వేరు దిగదు. పైగా ఎడారి మట్టి మీద కంటికి సరిగ్గా ఆనని ఒక పొర ఉంటుంది. సయనోబాక్టీరియా, నాచు, లైకెన్లు లాంటి చిన్న జీవులు కలిసి అల్లుకున్న పొర. దగ్గరగా వంగి చూస్తే నల్లగా, గరుకుగా, చిన్న చిన్న గుట్టలుగా కనబడుతుంది. మట్టి గాలికి లేచిపోకుండా పట్టి ఉంచేది అదే. ఒక్కసారి టైరు ఎక్కితే పొడైపోతుంది, మళ్లీ అల్లుకోవడానికి దశాబ్దాలు పడుతుంది.

కాబట్టి ముందు ఆ గట్టి నేలను పికాసులతో పగలగొట్టి గుల్ల చేస్తాం. మధ్య మధ్య చిన్న గుంతలు తీస్తాం, గాలికి కొట్టుకొచ్చే విత్తనాలూ వాన నీళ్లూ అందులో ఆగడానికి. తర్వాత అసలు పని. చుట్టుపక్కల చచ్చి ఎండిపోయిన పొదల కొమ్మలు ఏరుకొచ్చి, జాడ పొడుగునా గుంతలు తీసి వాటిని నిలువుగా నాటుతాం. దీన్ని వర్టికల్ మల్చింగ్ అంటారు. దూరం నుంచి చూస్తే అక్కడ ఎప్పట్నుంచో పొదలు ఉన్నట్టే కనబడాలి. వరస కుదిరితే పనికిరాదు, ఎందుకంటే ఎడారిలో ఏదీ వరసగా మొలవదు. మా లీడర్ ప్రతి గంటకోసారి అసలు రోడ్డు మీదికి వెళ్లి నిలబడి, బైకు మీద వచ్చేవాడి కళ్లతో చూసి, "ఆ మూడోది తీసెయ్, తోటలాగుంది" అని అరిచేది. రోడ్డు మీద నుంచి కంటికి ఆనినంత మేర చేస్తే చాలు. ఆపైన జాడ ఉన్నా ఎవడికీ కనబడదు కాబట్టి ఎవడూ పోడు. మిగతాది ఎడారే చూసుకుంటుంది.

రాళ్ల సంగతి ఇంకా ముచ్చటైనది. మొహావీ రాళ్లకు ఎండ తగిలే వైపు నల్లటి మెరుపు ఉంటుంది. ఇనుము, మాంగనీసు వేల ఏళ్లపాటు పొరలుగా పేరుకుంటే వచ్చే మెరుపు అది. రాయి తెచ్చి పెట్టేటప్పుడు ఆ నల్లటి వైపు పైకి రావాలి, అడుగు మట్టిలోకి దిగాలి. ఊరికే నేల మీద పెట్టిన రాయిని ఎవరైనా పోల్చుకుంటారు. చివరికి మేం వెనక్కి నడుస్తూ మా కాలి గుర్తులు కూడా ఊడ్చుకుంటూ బయటికొచ్చేవాళ్లం.

ఒక ఆదివారం రిడ్జ్‌క్రెస్ట్ నుంచి ఊరికి ఫోన్ చేస్తే అవ్వ అడిగింది.

"ఏం పనిరా నాయనా నీది? మీ అమ్మ ఏమో ఒకటే ఏడుపు."

"ఎడారిలో బండ్లు పోయి దావలు పడినాయవ్వా. వాటిని మూసే పని. ఎండు కొమ్మలు తెచ్చి నాటుతాం."

"అదేనా! దావకు కంప కొడుతున్నావు. మీ తాత ఎన్నిసార్లు కొట్టలేదు మన చేనికి!" అని నవ్వింది. ఆ తర్వాత మా లీడర్ చెప్పినదే ఆమె నాకు మళ్లీ చెప్పింది. "ఊరికే అడ్డమేస్తే తీసి పారేస్తార్రా. మొదలు నేలలోకి దిగేట్టు పాతాల. దావ మొదట్లోనే కొట్టాల, నడిమధ్యలో కొట్టి ఏం లాభం?"

అమ్మకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని పని అవ్వకు ఒక్క మాటలో అర్థమైంది. మా చేను హగరి ఒడ్డున. బొమ్మనహాళ్, కణేకల్లు వైపు ఉన్నవాళ్లకు తెలుసు, గాలికాలం వస్తే ఏటి ఇసుక లేచొచ్చి పొలాల మీద దిబ్బలు పోస్తుంది. ఇసుక మేట వేసిన చేను కళ్లతో చూసిన మనిషికి, మట్టి మీద పొర చెదిరితే ఏమవుతుందో నేను చెప్పాల్సిన పని లేదు. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. రిడ్జ్‌క్రెస్ట్‌లో 125 కూడా పడదు. అంత తక్కువ నీళ్లతో ఒక మొక్క మళ్లీ లేవాలంటే ఎంత కాలం కావాలో లెక్కేసుకోండి.

వైల్డర్‌నెస్ హద్దు లోపల పనిచేస్తే ఇంకో నియమం ఉంది. 1964 నాటి చట్టం ప్రకారం లోపల మోటారు ఏదీ వాడకూడదు, చక్రం మీద నడిచే బండ్లు కూడా కుదరవు. చిన్న తోపుడు బండిని కూడా తేనివ్వరు. రాళ్లు బక్కెట్లలో, కొమ్మలు గుడ్డలో కట్టి భుజాన వేసుకుని మోయాల్సిందే. మొదట్లో ఇది మరీ చాదస్తం అనిపించేది. తర్వాత తర్వాత, ఒక చోటికి మనం కాళ్లతోనే వెళ్లాలి అని దేశం చట్టం రాసుకోవడం నాకు గొప్పగా అనిపించడం మొదలైంది. ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

గడ్డపార వేసే ముందు ఆ చోటును పురావస్తు నిపుణులు చూసి ఒప్పుకోవాలి. అది కవాయిసు, కోసో షోషోనీ అనే అమెరికా ఆదివాసీ జాతుల వాళ్ల నేల. వాళ్లు బాణం మొనలు చెక్కినప్పుడు రాలిన నల్లటి గాజురాయి పెచ్చులు ఇప్పటికీ నేల మీదే ఉంటాయి. ఎండలో తళుక్కుమంటాయి. వంగి చూసి, తాకకుండా అక్కడే వదిలేసేవాళ్లం. కొన్ని చోట్ల వాటి కోసమే మా జాడ పనిని పక్కకు జరిపారు.

వారం పైన ఎడారిలో క్యాంపు, తర్వాత కొన్ని రోజులు ఊళ్లో విశ్రాంతి, మళ్లీ క్యాంపు. ఇలా నడిచేది. డిసెంబరు, జనవరిలో రాత్రిళ్లు క్యాన్లలో నీళ్లు గడ్డకట్టేవి. గాలి మొదలైతే మాత్రం చలే నయమనిపించేది. గుడారం మేకులు పీకేసేది, అన్నంలో ఇసుక, చెవుల్లో ఇసుక. వంట వంతులవారీగా చేసుకునేవాళ్లం. నా వంతు రోజు చిత్రాన్నం. దాంతో పాటు చెనిక్కాయలు వేయించి, రాయి మీద నూరి ఊరుబిండి చేసేవాణ్ని. పొలం పని చేసి ఆకలి మీదున్న వాళ్లకు ఊరుబిండి గురించి వివరించి చెప్పక్కర్లేదు. ఒకటి రెండుసార్లు చేశాక "ఈ రోజు ఆ పల్లీల ముద్ద ఉందా" అని వాళ్లే అడిగేవాళ్లు.

ఫిబ్రవరి నుంచి ఇంకో అలవాటు పడింది. బండి తీసే ముందు ప్రతిసారీ కిందికి వంగి నాలుగు చక్రాల వెనకా చూడాలి, నీడ కోసం ఎడారి తాబేలు వచ్చి కూర్చుంటుందేమోనని. ఇవి ఏడాదిలో ఎక్కువ భాగం బొరియల్లోనే గడుపుతాయి. వసంతంలో పూలూ లేత ఆకులూ తినడానికి బయటికొస్తాయి. ప్రమాదంలో ఉన్న జీవులంటూ అమెరికా కేంద్ర ప్రభుత్వం పెట్టిన జాబితాలో 1990 నుంచి ఉన్నాయి. మార్చి చివర్లో ఒక ఉదయం నేను మొదటిదాన్ని చూశాను. మేం మూయాల్సిన జాడలోనే, టైరు గాడి మధ్యలో నడుస్తోంది. మెడ చాచి, ఒక్కో కాలూ ఆలోచించి వేస్తున్నట్టు వేస్తోంది. డిప్ప మీద ఒక్కో పలకకూ వయసు గీతలు. మూతికి పసుపు రంగు పూరేకు అంటుకుని ఉంది. పనిముట్లు కింద పెట్టి అందరం నిలబడిపోయాం. దగ్గరికి వెళ్లకూడదు, ఎత్తకూడదు. భయపడితే అది కడుపులో దాచుకున్న నీళ్లు వదిలేస్తుంది. మళ్లీ వాన పడేదాకా దానికి ఆ నీళ్లే ఆధారం, వదిలేస్తే చచ్చిపోవచ్చు. గాడి దాటి క్రియోసోట్ పొద కిందికి చేరేదాకా చూశాం. దాని వెనక అదే గాడిలో బైకు వచ్చి ఉంటే అనే ఆలోచన ఆ రోజంతా నన్ను వదల్లేదు. మధ్యాహ్నం ఎవరూ పని ఆపుదామనలేదు.

క్రియోసోట్ గురించి రెండు మాటలు చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. మొహావీ అంతా కనిపించే సాదా పొద ఇది. చిన్న ఆకులు, వాటి మీద జిగురు. పాత కొమ్మలు మధ్యలో చచ్చి, కొత్తవి అంచున లేస్తూ వలయంగా పెరుగుతుంది. లూసర్న్ వ్యాలీలో కింగ్ క్లోన్ అని పేరు పెట్టిన ఒక వలయం వయసు 11,700 ఏళ్లని శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. వాన పడే ముందు ఈ ఆకుల వాసన గాలిలో మైళ్ల దూరం వస్తుంది. ఆ శీతాకాలం కాలిఫోర్నియాలో ఏళ్ల కరువు తర్వాత మంచి వానలు పడ్డాయి. గుడారంలో పడుకుని, వాన చప్పుడు కంటే ముందు ఆ వాసనకు మెలకువ వచ్చిన రాత్రులున్నాయి.

వానల ఫలితం మార్చిలో తెలిసింది. మట్టిలో ఏళ్ల తరబడి కాచుకుని ఉన్న విత్తనాలన్నీ ఒకేసారి లేచాయి. పసుపు కోరియాప్సిస్, డెసర్ట్ డాండిలియన్, ఊదారంగు ఫసీలియా. జనవరిలో మేం తీసిన గుంతల్లో, నాటిన ఎండుకొమ్మల మొదట్లో గుప్పెడు గుప్పెడు మొలకలు. మేం ఒక్కటి కూడా చల్లలేదు, గాలి తెచ్చి అక్కడ ఆపిందంతే. మోకాళ్ల మీద కూర్చుని వాటిని లెక్కపెడుతుంటే నాకు కళ్లు తడిశాయి, చెప్పుకోవడానికి మొహమాటం లేదు. అయితే ఆ వానకే రెడ్ బ్రోమ్ లాంటి పరాయి గడ్డి, సహారా ఆవ కూడా విరగబడి పెరిగాయి. ఇవి వేసవికి ఎండి పొదకూ పొదకూ మధ్య మంట పాకడానికి దారి చేస్తాయి. మొహావీ పొదలకు నిప్పు అలవాటు లేదు. కాలితే చాలావరకు తిరిగి లేవవు. పూలు చూడ్డానికి వచ్చినవాళ్లకు ఆ ఏడు పండగ, బీఎల్ఎం వాళ్లకు ఎండాకాలమంతా టెన్షన్.

సెలవు రోజుల్లో కూడా ఎడారే తిరిగేవాళ్లం. ఎల్ పాసో కొండల్లో బర్రో ష్మిట్ సొరంగం ఉంది. బంగారం వెతుక్కోవడానికి వచ్చిన ఒకాయన 1906లో మొదలుపెట్టి 1938 దాకా, ఒంటరిగా, చేతి పనిముట్లతో, డైనమైట్‌తో కొండలో దాదాపు అర మైలు తవ్వాడు. ఖనిజం రవాణాకు దగ్గర దారి అనుకుని మొదలుపెట్టాడట. ఈలోగా వేరే రోడ్డు పడింది, అయినా ఆపలేదు. టార్చి వేసుకుని అవతలి చివరదాకా నడిచాం. ఇంకోసారి రాష్ట్రం ఆగ్నేయానికి వెళ్లి, రెండో ప్రపంచ యుద్ధకాలంలో జనరల్ ప్యాటన్ సైన్యం శిక్షణ తీసుకున్న చోటు చూశాం. 1942లో తిరిగిన ట్యాంకుల జాడలు ఇంకా ఉన్నాయి. నేను ఒక జాడ మధ్యలో నిలబడ్డాను. రెండు గాడులు, మధ్యలో మోకాలెత్తు పొదలు, ఇరుపక్కలా పెద్ద పొదలు. 75 ఏళ్లకు అంత మాత్రమే కోలుకుంది. అప్పటిదాకా పుస్తకంలో చదివిన సంగతి ఆ రోజు కళ్లారా చూశాను.

బైకుల వాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. మా పనికి వచ్చిన డబ్బులో కొంత వాళ్లదే. కాలిఫోర్నియాలో ఇలాంటి బండ్ల రిజిస్ట్రేషన్ ఫీజు, పెట్రోలు పన్నులో ఒక వాటా కలిపి ఒక నిధి ఉంది. దారులు బాగుచేయడంతో పాటు పాడైన నేలను బాగుచేయడానికీ అందులోంచే ఇస్తారు. ఒక శనివారం అరవై దాటిన ఒకాయన మా దగ్గర బైకు ఆపి, హెల్మెట్ తీసి, ఏం చేస్తున్నారని అడిగాడు. చెప్పాం. తాను చిన్నప్పటి నుంచి వాళ్ల నాన్నతో ఇక్కడికి వస్తున్నానని, అప్పట్లో ఈ వాలు మీద ఒక్క జాడ కూడా లేదని చెప్పాడు. బండి పక్కన పెట్టి, గ్లవ్స్ అడిగి తీసుకుని, మధ్యాహ్నం దాకా మాతో రాళ్లు మోశాడు. ఈ నేలను ప్రేమించేవాళ్లే ఎక్కువ మంది. దారి తెలియక, గుర్తు కనబడక పోయేవాళ్లు కొందరు, తెలిసీ పోయేవాళ్లు ఇంకా కొందరు. మూసిన జాడ పక్కన చిన్న ఫైబర్ గుర్తు ఒకటి పాతితే మొదటి రకం ఆగిపోతారు. రెండో రకం కోసమే అంత కంప.

మే వచ్చేసరికి పొద్దున పదింటికే ఇనుప పనిముట్లు చేతికి కాలేవి. సీజన్ ముగిసింది. ఆఖరి పని ఫోటోలు. ప్రతి జాడకూ పని మొదలుపెట్టకముందు ఎక్కడ నిలబడి ఫోటో తీశామో, జీపీఎస్ చూసుకుని మళ్లీ అక్కడే నిలబడి అటే చూస్తూ తీయాలి. ఏళ్ల తర్వాత ఎవరైనా వచ్చి అదే చోట తీసి పోల్చుకోవడానికి. రికార్డులో ఫోటో ఉంటుంది, మా పేర్లు ఉండవు.

2019 జూలైలో రిడ్జ్‌క్రెస్ట్‌లో వరసగా రెండు భూకంపాలు వచ్చాయి, 4న 6.4, మరునాడు 7.1. టీవీలో తెలిసిన వీధులు కనబడగానే ఒక్కొక్కరికీ ఫోన్లు చేశాను, అందరూ క్షేమం. మా క్రూలో ఒకడు ఆ ఊళ్లోనే స్థిరపడ్డాడు. ఏటా థాంక్స్‌గివింగ్ సెలవులకు బైకుల రద్దీ ఎక్కువ కాబట్టి, అది అయిన సోమవారం కొండలు చుట్టి వచ్చి నాకు ఫోన్ చేస్తాడు. కొత్త జాడలు ఎక్కడ పడ్డాయి, పాతవి ఎలా ఉన్నాయి, అన్నీ పేరు పేరునా చెబుతాడు. అవ్వ ఉన్నన్నాళ్లూ ఆ కబురు ఆమెకు చేరవేసేవాణ్ని. పోయిన ఏడు ఎల్ పాసో వైపు మేం మూసినవాటిలో ఒకటి మళ్లీ తెరుచుకుందట, మిగతావి నిలిచాయట. ఆ ఒకటీ మొదట్లో కాకుండా మలుపు దగ్గర మూసింది. జనవరిలో కొత్త బ్యాచ్ వచ్చి దాన్ని మొదట్లోనే మూస్తారు.